మైకులోకి దూరిన కంచె

నా చేను చుట్టూ కరెంటు కంచె ఇప్పటికీ నిలబడి ఉందంటే అది నేను నిలబెట్టుకున్నదే. ఆ మాట ముందు చెప్పి మిగతాది తర్వాత చెబుతాను. నాకు సంతకం వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా దిద్దుతానంది, దిద్దుకోమన్నాను. జరిగింది మాత్రం జరిగినట్టే ఉండాలన్నాను.

మా ఊరు అరకు దాటి ఇంకా లోపలికి రావాలి. కొండవాలు మీద ముప్పై గడపలు, పైన కాఫీ, కింద గెడ్డ, అంటే కొండవాగు. ఊరికీ గెడ్డకీ మధ్య నా చేను. అందులో చోళ్ళు వేస్తాను, పట్నం వాళ్ళు రాగులంటారు. చోడి వెన్ను పాలు పోసుకునే రోజుల్లో గెడ్డ అవతలి అడవి నుంచి పందులు దిగుతాయి. పంది తిన్నదానికన్నా తొక్కి దొర్లి పాడుచేసేదే ఎక్కువ. మా ఆయన ఉన్నప్పుడు ఆయన మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవాడు. ఆయన జ్వరంతో పోయాక మూడు పంటకాలాలు ఆ మంచె నేనెక్కాను. మూడేళ్ళూ సగం చేనే ఇంటికి వచ్చింది. మనిషి కునికితే చాలు, పందికి తెలిసిపోతుంది.

నాలుగో ఏడు ఆషాఢంలో ఒక సంస్థ వాళ్ళు సోలారు కంచె ఇచ్చారు. దాన్ని బిగించడానికి వచ్చింది ఒక అమ్మాయి. ప్యాంటు వేసుకుని, నడుముకి పటకార్లు కట్టుకుని, తన పని తాను చేసుకుపోయింది. రాళ్ళు తవ్వి స్తంభాలు పాతించింది, మూడు వరసల తీగ లాగింది, చిన్న పలక ఒకటి ఎండకు పెట్టి దాని కింద పెట్టె తగిలించింది. ఆ పెట్టె లెక్క తప్పకుండా టక్, టక్ మంటుంది. టక్కుమన్నప్పుడల్లా తీగలోకి ఒక దెబ్బ పోతుందట. చంపదు, తంతుంది. ఎలా తంతుందో చూద్దామని వేలు పెట్టాను. మోచేతి మీద ఎవరో కర్రతో కొట్టినట్టయింది. నేను ఇంత ఎగిరాను, ఆ అమ్మాయి నవ్వింది. తీగకు గడ్డి తగలనివ్వొద్దు, ఏదీ ఆనించొద్దు అని నాలుగుసార్లు చెప్పి వెళ్ళిపోయింది. నేను నాలుగుసార్లూ తల ఊపాను.

ఆ శ్రావణ అమావాస్యకు నేను చేసిన పని ఇక్కడ చెప్పాలి. మా దగ్గర ఆ రోజు ప్రతి చేనులోనూ జీడి కొమ్మ పాతుతారు. తినే జీడిమామిడి కాదు, చాకలి గుడ్డలకు గుర్తు పెట్టే నల్లజీడి. దాని పాలు తగిలితే ఒళ్ళు పొక్కుతుంది. ఆ కొమ్మ ఉన్న చేనుకు దిష్టి తగలదని మా అమ్మ చేసింది, మా అత్త చేసింది, నేనూ చేస్తున్నాను. ఆదివారం చర్చికీ వెళతాను, అమావాస్యకు కొమ్మా పాతుతాను, మా ఊళ్ళో చాలా ఇళ్ళు అంతే. గాలికి కొమ్మ పడిపోతే మళ్ళీ పట్టుకుని లేపాలి, లేపితే చెయ్యి పొక్కాలి. ఈసారి పడకుండా చేద్దామని పెట్టె ఆపి, మూడేసి స్తంభాలకొక కొమ్మ చొప్పున పాతి, కంచె బిగించగా మిగిలిన సన్నటి కట్టుడు తీగతో ఒక్కోదాన్నీ కంచె తీగకే చుట్టాను. పదకొండు కొమ్మలు. మళ్ళీ పెట్టె వేసి దూరం నుంచి చూస్తే ముచ్చటేసింది. దేవతా కాపలా, కరెంటూ కాపలా అనుకున్నాను.

వెన్నులు బయటపడే కాలానికి మా చర్చిలో సాయంత్రం ప్రార్థనలు మొదలవుతాయి. పొద్దంతా అందరూ పొలాల్లో ఉంటారు కదా, చీకటి పడే వేళకు కూడతారు. కోతలకు ముందు వచ్చే పంట పండగ ఆదివారం దాకా రోజూ అంతే. ఆ రోజులకే మైకు కడతారు. మైకు పెట్టే ఆయన నాకు మరిది వరస. యాంప్లిఫయరు ఆయనింట్లోనే ఉంటుంది, చర్చి కప్పు కారుతుందని. కొమ్ము స్పీకరు ఆయన ఇంటి మీదే. నా చేను అవతలి చివరన ఉన్న చర్చిలోని మైకు నుంచి ఊళ్ళో ఆయనింటి వరకు సన్నటి తీగ ఒకటి నడవాలి. ఏటా దానికి వెదురు బొంగులు పాతేవాడు. ఆ ఏడు నా చేను గట్టున స్తంభాలు వరసగా కనబడేసరికి బొంగుల పని తప్పిందని వాటికే కట్టేశాడు. నన్ను అడిగాడు కూడా. కట్టుకోమన్నాను. తీగకు తీగ తగల్లేదు, జానెడు ఎడం ఉంది.

మొదటి సాయంత్రం పాస్టరు గారు నోరు తెరిచారు. ‘ప్రియమైన’ అన్నారు, కొమ్ములో టక్. ‘సహోదరులారా’ అన్నారు, టక్. పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చప్పుడు నా పెట్టెది, నా చెవికి తెలుసు.

రెండో రోజుకు ఎవరూ నవ్వలేదు. మా ఊరి పెద్ద నాకు మావ వరస. ఆయన భార్య నడుం పడిపోయి మంచం మీదే ఉంది. ప్రార్థన ఆమెకు కొమ్ములోంచే అందాలి. గెడ్డ అవతల రెండు గూడేల ముసలివాళ్ళకూ అంతే. టక్కు తలలో మేకు కొట్టినట్టుందని ఆమె ఏడ్చిందట. నేనే వెళ్ళి, ప్రార్థన జరిగినంతసేపూ పెట్టె ఆపేస్తానని మావకు చెప్పాను.

మూడు రోజులు ఆపాను. పందులకు ప్రార్థన వేళ తెలిసిపోయింది. మూడో రోజు చర్చి నుంచి వచ్చి చూస్తే గెడ్డ వైపు మూల ఒక ఇల్లు కట్టుకునేంత జాగాలో పైరు నేలకు అతుక్కుపోయి ఉంది. పాలు పట్టిన వెన్నులు బురదలో నలిగి ఉన్నాయి. మేము పాట పాడుతుంటే అవి మేశాయి. మర్నాటి నుంచి పెట్టె ఆపలేదు. మర్నాటి నుంచి కొమ్ములో మళ్ళీ టక్కు.

మావ నన్ను పిలిపించాడు. అక్కడ మరిది కూడా ఉన్నాడు. మావ కోపంగా లేడు, అదే చూసి నాకు ఎక్కువ భయమేసింది.

“అమ్మీ, నీ సేను నీకెంతో ఆ మైకు మాకంత. పండగ ఆదివారం నాటికి టక్కు ఆగాల. ఆగకపోతే కంచె నువ్వే ఇప్పుకో. మేమొచ్చి ఇప్పితే బాగోదు,” అన్నాడు.

పండగకు తొమ్మిది రోజులుంది. కోతకు ఇంకా నెల ఉంది. కంచె తీసేస్తే ఆ నెల రోజుల్లో చేను ఉండదు. మళ్ళీ మంచె ఎక్కి సగం చేను తెచ్చుకోవాలి, లేదా అదీ లేదు.

తప్పు కంచెదో తీగదో చూద్దాం అన్నాను. మరిది నవ్వాడు. “నా తీగ నీ తీగని ముట్టుకుందేటి వదినా? ముట్టుకోంది ఎలాగొత్తాది? తప్పు నీ పెట్టెలోనే ఉంది. ఆడదానికి కరెంటు ఇచ్చినోల్లననాల.”

నేను అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను. కాఫీ తోట పైన ఫోను పలికే బండ ఒకటుంది, అక్కడికెక్కి ఆ కంచె అమ్మాయికి ఫోను చేశాను. ఘాటు రోడ్డు కోసుకుపోయింది, పదిహేను రోజుల దాకా రాలేనంది. ఎక్కడో తీగ దేనికో తగిలీ తగలక ఉండి ఉంటుంది, అక్కడ నిప్పురవ్వ ఎగురుతూ ఉంటుంది, పగటిపూట కంటికి కనబడదు అంది. అంతలో ఫోను తెగిపోయింది.

బండ దిగుతూ నేను ఆలోచించింది మా ఆయన రేడియో గురించి. మంచె మీద ఆయనకు తోడు అదే. ఉరుములొచ్చే రోజుల్లో ఎక్కడో దూరాన కొండల మీద మెరిస్తే, ఇక్కడ రేడియో చరచరమనేది. ఉరుము తర్వాతెప్పుడో వచ్చేది, రేడియో మాత్రం మెరుపుతో పాటే అరిచేది. ఆ మెరుపు మా రేడియోను ముట్టుకుందా? లేదు. గాలిలోంచే వచ్చింది. మెరుపంటే పెద్ద రవ్వే కదా. మరి నా కంచె మీద చిన్న రవ్వ ఉంటే, దగ్గరికి వెళ్తే రేడియో దానికీ అరవాలి.

ఇంట్లో రేడియో దుమ్ము పట్టి ఉంది. సెల్లులు కొత్తవి వేశాను. పాట వచ్చే చోట కాకుండా ఉత్త గాలి శబ్దం వచ్చే చోట ముల్లు పెట్టి, చెవికి ఆనించుకుని, కంచె వెంట నడిచాను. అడవిలో తేనె వెతికేవాడు ఈగ పోయిన వైపు పది అడుగులు వేసి ఆగుతాడు, చూస్తాడు, మళ్ళీ పది అడుగులు వేస్తాడు. నేనూ అలాగే నడిచాను. నన్ను చూసినవాళ్ళు మొగుడి మీద బెంగతో రేడియో పట్టుకు తిరుగుతోంది పాపం అనుకున్నారని తర్వాత విన్నాను.

పెట్టె దగ్గర టక్కు ఉంది, కానీ సన్నగా. నడిచే కొద్దీ ఇంకా సన్నబడింది. మూడో స్తంభం దగ్గరకొచ్చేసరికి రేడియో నా చెవి కొరికినంత పని చేసింది. రెండడుగులు దాటితే తగ్గింది. ఆరో స్తంభం దగ్గర మళ్ళీ అరిచింది. ఆరోదాని దగ్గర నిలబడి తీగను చూశాను, స్తంభాన్ని చూశాను, ఆఖరికి కొమ్మను చూశాను. నేను చుట్టిన కట్టుడు తీగ తుప్పు పట్టి వదులైంది, గాలికి కంచె తీగ మీద ఆడుతోంది. చెవి దగ్గరగా పెడితే చిట్, చిట్ అని వినబడింది. తడి కొమ్మ నేలలో ఉంది. కరెంటు తీగ మీంచి కట్టులోకి, కట్టులోంచి కొమ్మలోకి, కొమ్మలోంచి నేలలోకి దూకుతోంది, దూకిన ప్రతిసారీ రవ్వ. ఇలాంటివి పదకొండు. ఏదీ ఆనించొద్దని ఆ అమ్మాయి నాలుగుసార్లు చెబితే నేను పదకొండు ఆనించాను.

ఇది ఎవరికీ చెప్పకుండా దాచుకోవచ్చు. చెబుతున్నాను, ఎందుకంటే తప్పు పట్టుకున్నది కూడా నేనే. పెట్టె ఆపి పదకొండు కట్లూ కోసేశాను. చేతులు పొక్కాయి. కొమ్మల్ని కంచెకు రెండు బారలు లోపలికి తెచ్చి చేనులో పాతాను. కొమ్మ ఉండాల్సింది చేనులో, కంచె మీద కాదు. దేవతకు ఆ మాటే చెప్పాను. పెట్టె వేసి రేడియో పట్టుకుని చుట్టూ తిరిగితే, ఎక్కడా ఆ అరుపు లేదు.

ఆ సాయంత్రం చర్చిలో చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పాస్టరు గారు మొదలెట్టారు. టక్. ముందంత లేదు, సగానికి సగం తగ్గింది. కానీ ఉంది. మరిది నా వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. అప్పటికి అయిదు రోజులు మిగిలాయి.

పొద్దున్నే మళ్ళీ రేడియో పట్టుకుని బయలుదేరాను. ఈసారి కంచె నుంచి దూరంగా నడిచి చూశాను. పది అడుగులు పోతే ఏమీ లేదు. సరే, నా కంచె అల్లరి పది అడుగుల్లో ఆగిపోతోంది, మరి ఊళ్ళోకి ఎలా వెళ్తోంది? మైకు తీగ పట్టుకుని నడిచాను. నా గట్టు పొడవునా అది కంచె పక్కనే ఉంది, అక్కడ టక్కు వినబడటంలో వింత లేదు. గట్టు చివర కంచె మలుపు తిరిగి గెడ్డ వైపు పోతుంది, మైకు తీగ ఊళ్ళోకి పోతుంది. నేను తీగతో పాటు ఊళ్ళోకి నడిచాను. పది అడుగులు దాటాను, ఇరవై దాటాను. రేడియోను తీగకు దగ్గరగా పెడితే టక్, పక్కకు జరిపితే లేదు. మరిది ఇంటి గుమ్మం దాకా అంతే. కంచె గెడ్డకు పోయింది. టక్కు దానితో పోలేదు, మైకు తీగ ఎక్కి ఊళ్ళోకి వచ్చింది.

జానెడు ఎడంలో, ముట్టుకోకుండా, అంత పొడవునా పక్కపక్కనే నడిస్తే ఆ తీగ దెబ్బ ఈ తీగకు అంటుకుంటోంది. నాకు ఇంకోటి కూడా తట్టింది. మైకు తీగలో పోయే మాట చాలా బలహీనం. యాంప్లిఫయరులోకి వెళ్ళాకే దానికి గొంతు వస్తుంది. గుసగుసగా మాట్లాడే మనిషి పక్కన డప్పు కొడితే ఏమవుతుంది? ఆ గుసగుసతో పాటు డప్పు మోతనూ కలిపి యాంప్లిఫయరు పెద్దది చేస్తోంది. అదే యాంప్లిఫయరు చర్చిలోనే ఉంటే, గుసగుస నాలుగు అడుగులు నడిస్తే చాలు. అక్కడి నుంచి కొమ్ము దాకా పోయేది గట్టి గొంతు, దాన్ని డప్పు అంతగా చెరపలేదు.

మరిదికి ఇదంతా చెప్పాను. యాంప్లిఫయరు ఇల్లు కదలదన్నాడు. పాడైతే ఎవరు పూచీ అన్నాడు. కారే కప్పు కింద పెట్టమంటావా అన్నాడు. అసలు సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ పెట్టె ఇంట్లో ఉంటే పొద్దున్నే తన పాటలు, తన ప్రకటనలు, ఊరికి గొంతు తనదే. లోపల చోళ్ళు చెరుగుతున్న వాళ్ళావిడ, నా తోటికోడలు, చేట ఆపకుండానే అంది:

“అది మనింట్లో ఉంటే నువ్వు పాస్టరువైపోతావేటి? తీస్కెల్లి ఒగ్గీ. నాకు తల నొప్పి తగ్గుద్ది.”

ఆయన కదల్లేదు. నేను మావ దగ్గరికి వెళ్ళాను. “మావా, శుక్రవారం ప్రార్థన జరుగుతుండగా నాను ఆ తీగ కట్లు ఇప్పుకుంటూ పోతాను. నా కంచె ఆపను. మీరంతా కూకుని ఇనండి. నాను సెప్పింది అబద్దమైతే శనివారం పొద్దున్నే కంచె ఇప్పేత్తాను,” అన్నాను. మావ నా పొక్కిన చేతుల వైపు చూసి సరేనన్నాడు.

శుక్రవారం పొద్దుగూకే వేళ చర్చి నిండింది. తీగ పట్టుకోవడానికి వెదురు బొంగులు ముందే గట్టు పక్క దారికి అవతల పాతి ఉంచాను, కంచెకు ఇరవై అడుగులు ఎడంగా. పాస్టరు గారు వాక్యం చదవడం మొదలెట్టారు, టక్కు మొదలైంది. నేను చర్చి వైపు చివర నుంచి మొదటి కట్టు విప్పి తీగను బొంగు మీదికి మార్చాను. రెండోది విప్పాను. అయిదో స్తంభం దాటేసరికి లోపల కూర్చున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలెట్టారని మా అమ్మాయి తర్వాత చెప్పింది. నాకు చర్చి కనబడదు, కొమ్ము మాత్రం వినబడుతోంది. ఒక్కో స్తంభానికీ టక్కు సన్నబడుతోంది. పదోదానికి అది చిటికె. ఇరవయ్యోదానికి గింజ రాలినట్టు. ఆఖరి కట్టు విప్పేసరికి, వెతికితే గానీ దొరకనంత.

చర్చి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. వాక్యం ఆగింది. మావ మరిది వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు: “ఇంక పెట్టె తే.” ఊరందరి ముందూ ఆయన లేచి వెళ్ళి యాంప్లిఫయరు చంకన పెట్టుకుని తెచ్చాడు. కప్పు కారని మూల చూసి బల్ల మీద పెట్టాడు, మైకును నాలుగు అడుగుల తీగతో తగిలించాడు, కొమ్ముకు పోయే తీగ వేరే కలిపాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, అది చెప్పుకోవాలి. మీట తిప్పాడు.

ఏమీ లేదు. పాస్టరు గారు ఊపిరి తీసుకున్నది కొమ్ములో వినబడింది. గెడ్డ అవతలి నుంచి ఎవరో కేక వేశారు, బాగా వినబడుతోందని.

మరిది చుట్టూ చూసి, “కంచె ఆపేసుంటాది. ఆపకుండా ఎలా పోద్ది?” అన్నాడు. ఆయన గబగబా బయటికి నడిచాడు, గట్టు దగ్గరికి వెళ్ళి నా తీగను చేత్తో పట్టుకున్నాడు. ఆయన పెట్టిన కేకను చర్చిలో మైకు పట్టింది, కొమ్ము మా ఊరికీ గెడ్డ అవతలి రెండు గూడేలకూ చెప్పింది. పాస్టరు గారే ముందు నవ్వారు. నా తోటికోడలు పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చినంత నవ్వింది. మరిది మోచెయ్యి రుద్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తనూ నవ్వేశాడు.

“వదినా, నీ కంచె బాగా పన్జేత్తంది,” అన్నాడు.

మావ లేచి నిలబడి, కంచె ఉంటుందని, ఇక దాని మాట ఎవరూ ఎత్తొద్దని అందరికీ చెప్పాడు. అంతమంది మధ్య నా కోసం ఒక మనిషి లేచి నిలబడటం మా ఆయన పోయాక అదే మొదలు. నేను ఏడవలేదు. పాట అందుకోమన్నారు, అందుకున్నాను. నా గొంతు కీచుగా ఉంటుంది, ఆ రోజు అది కొమ్ములోంచి కొండకు తగిలి తిరిగి వచ్చింది. నా గొంతే అనిపించలేదు.

పండగ ఆదివారం బాగా జరిగింది. నెల దాటాక చేను కోశాను. ఆ పాడైన మూల తప్ప మిగతా చేను చేనంతా ఇంటికి వచ్చింది. కళ్ళంలో వెన్నులు పోగు పెడితే నా భుజం దాటింది. తోటికోడలు చూసి దిష్టి పెట్టానేమో ఉమ్ముకో అంది. నేను ఉమ్ముకోలేదు, పెట్టుకోమన్నాను. అంత పంటను నలుగురూ చూడాలి.

మరుసటి ఏడు ఇంకో ఆరు ఇళ్ళకు కంచెలు వచ్చాయి. ఆ ప్యాంటు అమ్మాయి వచ్చినప్పుడు, ఎవరి కంచె ఎటు తిరగాలో నన్ను పక్కన పెట్టుకుని చూసింది. మైకు తీగ ఎక్కడ దాటాలన్నా కంచెకు అడ్డంగా ఒక్క చోటే దాటించాలని, వెంట వెంట నడపకూడదని నేను అంటే, నాకెవరు నేర్పారని అడిగింది. ఎవరూ నేర్పలేదన్నాను. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరు ఏ తీగ లాగినా ముందు నాకు కబురు పెడతారు. మరిది కూడా. నేను వెళ్ళి గట్టు పొడవునా ఒకసారి నడిచి, ఇటు వద్దు అటు లాగు అంటాను. అటే లాగుతారు.